430 గజాలు

మా నాన్న నా తుపాకి పేరు ఎప్పుడూ అడగలేదు. అందులో ఏ తూటా పడుతుందో, అది ఎంత వేగంతో పోతుందో ఆయనకు పట్టలేదు. 2018 అక్టోబరులో కొలరాడో కొండల నుంచి దిగివచ్చిన రాత్రి, ఫోన్లో నేను అంతా చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో ఆపి ఒక్కటే అడిగాడు.

"ఎంత దూరం నుంచి కొట్టినావురా?"

430 గజాలన్నాను.

ఫోను అవతల, గిద్దలూరులో కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అంత దూరంలో నువ్వుండావని దానికి తెలిసి కూడా ఉండదు గదరా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. లెక్కలో ఒక అంకె ఎక్కడో వదిలేశావన్నట్టుంది.

మా ఊరు నల్లమల అంచున ఉంటుంది. పంట కాపలా కోసం ఇచ్చిన లైసెన్సు మీద తాతకు ఒక నాటు తుపాకి ఉండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, సీసపు గుండు వేసి, మళ్ళీ పీచు పెట్టి ఇనుప ఊచతో దట్టించాలి. ఒకసారి పేలిస్తే మళ్ళీ సిద్ధం చేసుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అడవిపంది అంతసేపు ఆగదు. అందుకని తాత కందిచేలో మంచె మీద కూర్చుని, పంది మంచె దగ్గరికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని చూసేవాడట. చాలా రాత్రులు అది అంత దగ్గరికి రాదు. అలాంటప్పుడు డబ్బా వాయించి తరిమేసి పడుకునేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు తాత ఆ తుపాకిని ఠాణాలో అప్పజెప్పి వచ్చాడు. నాన్న దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. కానీ ఆ మంచె కింద పడుకుని పెరిగిన మనిషి. వేట అనగానే ఆయనకు ముందు తోచే కొలత దూరమే.

నాకు తోచిన కొలతలు వేరు.

నేను కొలరాడోకు ఉద్యోగం మీద వచ్చాను. వీసా మీద ఉన్నవాళ్ళకు ఇక్కడ తుపాకి దగ్గర పెట్టుకోవడం చట్టరీత్యా చిక్కు వ్యవహారం. గ్రీన్ కార్డు వచ్చేదాకా నాకు ఆ ఆలోచనే లేదు. వచ్చాక కూడా మొదటి రెండు సీజన్లు మా పక్కింటి పెద్దాయన వెంట మోతకూలీలా వెళ్ళాను. ఆయనకు డెబ్భై దాటాయి, చిన్నప్పటి నుంచీ పశువుల మధ్య, కొండల మధ్య బతికిన మనిషి. ఆయన కొట్టిన ఎల్క్ మాంసాన్ని వీపున మోసుకుని మైళ్ళ కొద్దీ దిగేవాణ్ణి. ఎల్క్ మన కణుజు కుటుంబానిదే, కానీ ఇంకా భారీ జంతువు. ఆడది 200 కిలోలు దాటుతుంది, మగది 300 పైనే. కొలరాడోలో ఇవి రెండున్నర లక్షలకు పైగా ఉన్నాయి. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఏటా ఎన్ని కొట్టవచ్చో, ఎక్కడ కొట్టవచ్చో, ఆడా మగా అన్నది కూడా రాష్ట్రమే లెక్క కట్టి ట్యాగులు ఇస్తుంది. తినదగిన మాంసం కొండ మీద వదిలేసి రావడం నేరం. 1937 నాటి చట్టం ప్రకారం రైఫిళ్ళు, తూటాలు తయారుచేసేవాళ్ళ మీద వేసే 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకే పోతుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది. నల్లమలలో వేట నేరం కావడం ఎంత సబబో, ఇక్కడ ఇలా నడవడమూ అంత సబబేనని ఇప్పటికీ అనుకుంటాను.

మూడో ఏడు సొంత రైఫిల్ కొనాలనుకున్నాను. వేటగాడి భద్రతా శిక్షణ పూర్తిచేసి కార్డు తెచ్చుకున్నాను. ఇక తూటా ఎంచుకోవాలి.

తెలుగులో మనం అన్నిటినీ తూటా అనేస్తాం. నిజానికి అది నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, మూతిలో బిగించిన గుండు. జంతువు దాకా వెళ్ళేది ఆ చివరిది ఒక్కటే. ఈ మాట ఇంత తేలిగ్గా ఇప్పుడు రాస్తున్నాను గానీ, అది నాకు తలకెక్కడానికి రెండేళ్ళు పట్టింది. అప్పట్లో నేను చూసిందల్లా గొట్టం ఎంత పెద్దది, అందులో మందు ఎంత పడుతుంది అన్నదే.

పేర్లు చూస్తేనే తల తిరుగుతుంది. .30-06 అంటే తుపాకి గొట్టం లోపలి వ్యాసం 0.30 అంగుళం, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్నది 1906లో. ఆ తూటా ఇత్తడి గొట్టం మెడ సన్నం చేసి 1925లో .270 విన్‌చెస్టర్ తెచ్చారు. 1952లో .308 వచ్చింది. 1962లో 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్, మరుసటేడే .300 విన్‌చెస్టర్ మాగ్నమ్. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ చిన్నదే అయినా సన్నగా పొడుగ్గా గాలిని చీల్చుకుపోయే గుండుతో దేశమంతా పాకిపోయింది. దాన్ని తిట్టేవాళ్ళూ మెచ్చేవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోలేనంతగా పాకింది. ప్రతిదానికీ ఒక పట్టిక. గొట్టం మూతి దగ్గర వేగం ఎంత, వంద గజాలకు ఎంత, 500 గజాలకు ఎంత, గుండు ఎన్ని అంగుళాలు కిందికి జారుతుంది, ఎన్ని ఫుట్-పౌండ్ల శక్తి మిగులుతుంది. నేను బతుకుతెరువు కోసం రోజంతా పట్టికలే చూసేవాణ్ణి. వాటిలో నాకు ఒక ధైర్యం దొరుకుతుంది. నిజం ఏదైనా ఒక గడిలో కూర్చుని ఉంటుందనిపిస్తుంది.

కొలరాడో చట్టం అడిగేది తక్కువే. ఎల్క్‌కు కనీసం 6 మిల్లీమీటర్ల గొట్టం, 85 గ్రెయిన్ల బరువుకు తగ్గని, తగలగానే విచ్చుకునే గుండు, వంద గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి. వేటగాళ్ళలో ఇంకో వాడుక లెక్క ఉంది. దుప్పికి 1000, ఎల్క్‌కు 1500 అని. ఎక్కడ పుట్టిందో తెలియని లెక్క. నేను దాన్ని పట్టుకుని, ఏ తూటాకు ఆ 1500 ఎంత దూరం దాకా నిలుస్తుందో చూసుకుంటూ పోయాను. 180 గ్రెయిన్ల గుండుతో .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ సెకనుకు సుమారు 2950 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. 600 గజాల దగ్గర కూడా 1500 పైన మిగులుతుంది. అంతే, నా వెతుకులాట ఆగిపోయింది. పెద్దాయనకు చెబితే తల ఊపాడు. "మంచి తూటా. నీ భుజం ఏమంటుందో కూడా అడుగు" అన్నాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా వాడుతున్నది పాత .30-06. నేనది ముసలివాళ్ళ మొండితనం అనుకున్నాను.

భుజాన్ని అడగలేదు. ఎనిమిది పౌన్ల రైఫిల్‌లో .300 మాగ్నమ్ వెనక్కి తన్నే తన్ను .30-06 కంటే మూడో వంతు ఎక్కువ, 6.5 క్రీడ్‌మూర్‌కు రెట్టింపు దాటుతుంది. పైగా ఒక్కో మంచి తూటా రెండు మూడు డాలర్లు. వేసవంతా కలిపి నేను పేల్చినవి మూడు పెట్టెలు, అరవై తూటాలు. అన్నీ షూటింగ్ రేంజిలో బల్ల మీద ఇసుక సంచులు పెట్టుకుని, భుజానికి మెత్త కట్టుకుని పేల్చినవే. వంద గజాల దగ్గర మూడు తూటాలూ ఒకటిన్నర అంగుళంలో పడేవి. 500 గజాల దగ్గర వేలాడదీసిన ఇనుప రేకు మీద పదికి ఏడు మోగేవి. ఆ మోత ఎంత హాయిగా ఉండేదో! పట్టిక చెప్పింది చెప్పినట్టు జరుగుతోందనిపించేది. మిగిలిన మూడు ఎటు పోయాయని నేను వెతకలేదు. ఇనుము ఊరికే వేలాడుతుంటుంది. దానికి కడుపు లేదు.

2018 అక్టోబరులో ఆ రోజు ఫ్లాట్ టాప్స్ కొండల్లో, 10,000 అడుగుల ఎత్తున, రెండో రైఫిల్ సీజన్. నా దగ్గర ఆడ ఎల్క్ ట్యాగ్ ఉంది. ఆకులు రాలిపోయిన ఆస్పెన్ చెట్ల మధ్య కూర్చున్నాం. సాయంత్రం నాలుగున్నరకు లోయ అవతలి వాలు మీద, నల్లటి స్ప్రూస్ అడవి అంచున ఎనిమిది ఆడ ఎల్క్‌లు మేతకు బయటికి వచ్చాయి. దూరం కొలిచే పరికరం 430 చూపించింది. పెద్దాయన లోయలోకి దిగి, ఆ గుట్ట చాటుగా పోతే 200 లోపుకు చేరవచ్చని చేత్తో చూపించాడు. ముప్పావు గంట పడుతుంది. చీకటి పడడానికి గంటన్నర ఉంది. నేను వద్దన్నాను. ఇక్కణ్ణుంచే అందుతుందన్నాను. ఆయన ఏమీ అనలేదు. ట్యాగ్ నాది, కాబట్టి నిర్ణయమూ నాదే. కొండల్లో ఆయన పాటించే మర్యాద అది.

ఆ దూరానికి గుండు రెండడుగులకు కాస్త తక్కువగా జారుతుంది. స్కోపు మీద ఆ మేరకు తిప్పుకున్నాను. అది సులువు. భూమి ఆకర్షణ అటూ ఇటూ అవదు, పట్టికలో ఉన్నట్టే ఉంటుంది. గాలి సంగతి వేరు. నా చెంప మీద గాలి లేదు. నా పక్కన గడ్డి కదలడం లేదు. కానీ నా గుండు పోవలసింది నా చెంప మీదుగా కాదు, లోయ మీదుగా. సాయంత్రం చల్లబడుతున్న కొండల్లో లోయల వెంట గాలి దిగుతుందని ఆ శిక్షణలోనే చెప్పారు. గంటకు పదిహేను మైళ్ళ అడ్డగాలి ఉంటే, ఆ ఎత్తున గాలి పలచగా ఉన్నా సరే, 430 గజాల దగ్గర గుండు సుమారు అడుగు పక్కకు పోతుంది. ఎల్క్ గుండె ఊపిరితిత్తులు ఉండే చోటు పదిహేను అంగుళాల వెడల్పు. దాని మధ్యకు గురిపెట్టిన గుండు అడుగు పక్కకు పోతే ఇంకెక్కడ పడుతుందో లెక్క కట్టుకోవచ్చు. ఇంకొకటి కూడా ఉంది. గుండు అంత దూరం చేరడానికి అర సెకను పడుతుంది. మేస్తున్న జంతువు అర సెకనులో ఒక అడుగు వేస్తుంది.

పేల్చాను. స్కోపు ఎగిరిపోయింది, నాకేమీ కనిపించలేదు. అది కూడా ఆ తన్ను వల్లే. ఒక క్షణం తర్వాత లోయ అవతలి నుంచి తడి గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టు చప్పుడు వచ్చింది. పెద్దాయన దుర్భిణి దించకుండానే మెల్లగా అన్నాడు, "వెనక తగిలింది."

అది వీపు వంచి, మంద వెనకాల నడుచుకుంటూ అడవిలోకి పోయింది. పరుగెత్తలేదు. పరుగెత్తినా బావుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది.

కడుపులో తగిలిన జంతువును వెంటనే తరమకూడదు. తరిమితే మైళ్ళు పోతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది, కొన్ని గంటల తర్వాత వెతకాలి. మేము వాలు దాటి అవతలికి చేరేసరికి చీకటి పడింది. తగిలిన చోట నెత్తురు పెద్దగా లేదు. నాలుగు వెంట్రుకలు, ఆకుపచ్చటి మరక, పులిసిన గడ్డి వాసన. దీపాల వెలుగులో రెండు వందల అడుగులు జాడ పట్టాం. ఒక దుంగ పక్కన అది పడుకుని లేచిన గుర్తు ఉంది. ఆకులు ఇంకా వెచ్చగా ఉన్నాయనిపించింది, నా ఊహేనేమో. అక్కడ ఆగిపోయాం. రాత్రి తొమ్మిదికి మంచు మొదలైంది. పొద్దునకు ఆరు అంగుళాలు. జాడంతా పోయింది.

రెండు రోజులు వెతికాం. చీకటి అడవి అంటారు ఇక్కడ, ఎండ నేలకు దిగని స్ప్రూస్ అడవిని. పడిపోయిన మానుల మీద మానులు. చేతులూ కాళ్ళూ వాడి ఎక్కాలి. పెద్దాయన మోకాళ్ళు బాగాలేవు. అయినా నా కంటే ముందు నడిచాడు. రెండో రోజు మధ్యాహ్నం దూరంగా కాకుల గోల విని పరుగెత్తాను. అది వేరెవరో కొట్టి కోసుకుపోయిన జంతువు మిగుళ్ళు. మూడో రోజు పొద్దున ఆయన నా ట్యాగ్ అడిగి తీసుకుని, మడిచి నా చొక్కా జేబులో పెట్టాడు. నా వేట అయిపోయిందన్నమాట. చట్టం నన్ను ఇంకో ఎల్క్‌ను కొట్టవద్దని చెప్పదు. శ్రద్ధగా వెతకమంటుంది, వెతికాం. కానీ ఆయన లెక్కలో నేను ఒకదాన్ని చంపేశాను. నా లెక్కలోనూ అంతే.

ఆ రాత్రే నాన్నకు ఫోన్ చేశాను.

ఆ చలికాలమంతా నేను నాకు చెప్పుకున్న సమాధానం గాలి. గాలిని చూడలేకపోయాను, వచ్చే ఏడు గాలి కొలిచే యంత్రం కొంటాను, ఇంకా పెద్ద తూటా అయితే గాలికి ఇంకా తక్కువ కదులుతుంది. .338 లాపువా మాగ్నమ్ పట్టికలు కూడా తెరిచాను. అంత జరిగాక కూడా నా చేతులు మళ్ళీ పట్టికల వైపే పోయాయి. ఈ ఒక్క సంగతి ఒప్పుకోవడమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

మార్చిలో పెద్దాయన నన్ను షూటింగ్ రేంజికి తీసుకెళ్ళాడు. బల్ల ఎక్కనివ్వలేదు. నేల మీద కూర్చుని, రెండు కర్రల కవ మీద గొట్టం ఆనించి పేల్చమన్నాడు. రైఫిల్ ఆయన చేతిలోకి తీసుకుని, అటు తిరిగి తూటా వేసి నాకు ఇచ్చేవాడు. మొదటిది పేలింది. రెండోదీ పేలింది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టక్కుమన్న చప్పుడు. ఆయన వేసింది మందు లేని ఉత్తి తూటా. ఆ టక్కుతో పాటు గొట్టం మూతి బెత్తెడు కిందికి పోయి కుడికి జారింది. కళ్ళు మూసుకున్నాను. నా కళ్ళు మూసుకున్నాయని నాకే తెలియలేదు. ఆయన చెబితే నమ్మలేదు. మళ్ళీ వేసి ఇచ్చాడు. ఏది నిజమో ఏది ఉత్తిదో తెలియకుండా పది సార్లు. ఉత్తిది వచ్చిన ప్రతిసారీ అదే ఉలికిపాటు. అరవై మాగ్నమ్ తూటాలు నా భుజానికి నేర్పిన విద్య అది. రాబోయే దెబ్బకు ముందే ముడుచుకోవడం. బల్ల మీద ఇసుక సంచులు దాన్ని దాచేశాయి. కొండ మీద దాచడానికి ఏమీ లేదు.

ఆ ఆడ ఎల్క్‌కు అడుగు వెనకగా తగిలిన గుండులో గాలి వాటా ఎంత, నా ఉలికిపాటు వాటా ఎంత అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను. పట్టికల్లో రెండో దానికి గడే లేదు.

ఆ ఏడు ట్యాగ్ తీసుకోలేదు. చదివాను, ఈసారి అంకెలు కాదు. జాన్ నోస్లర్ సంగతి అప్పుడే తెలిసింది. 1946లో ఆయన కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మగ మూస్‌ను .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్‌తో కొట్టాడు. అప్పటికి అది గట్టి తూటా. ఆ మూస్ ఒంటి నిండా ఎండిన బురద పట్టి ఉంది. గుండ్లు ఆ వేగానికి పైపైనే చితికిపోయి లోపలికి దిగలేదు. ఆయన ఇంటికి వచ్చి ఇంకా పెద్ద తూటా కోసం వెతకలేదు. గుండును విప్పి చూశాడు. మధ్యలో ఒక రాగి అడ్డుగోడ పెట్టి, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం గట్టిగా నిలిచి లోపలికి పోయేలా కొత్త గుండు చేశాడు. 1948 నుంచి అది పార్టిషన్ అన్న పేరుతో అమ్ముడవుతోంది. నాకు ఆ కథలో నచ్చింది ఆయన చూపు ఎటు తిరిగిందన్నది. గొట్టం వైపు కాదు, జంతువు వైపు. తోలు, బురద, ఎముక, ఊపిరితిత్తి. అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ గుండు దగ్గరికి వచ్చాడు.

దూరం నుంచి కొట్టేవాళ్ళకు దీనిలో ఇంకో చిక్కు ఉంది. విచ్చుకునే గుండు విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు కొంత వేగం ఉండాలి. చాలా గుండ్లకు అది సెకనుకు 1800 అడుగుల చుట్టుపక్కల. పూర్తిగా రాగితో చేసినవి ఇంకాస్త ఎక్కువ కోరతాయి. అంతకు తగ్గితే గుండు సూదిలా దూరి అవతలికి పోతుంది, జంతువు చాలాసేపు బతికి ఉంటుంది. మరీ మెత్తటి గుండు దగ్గర నుంచి భుజం ఎముకకు తగిలితే పైననే పగిలిపోతుంది. శక్తి పట్టిక ఈ రెంటిలో ఏదీ చెప్పదు.

ఇది కొత్త వాదం కాదు. అవుట్‌డోర్ లైఫ్ పత్రికలో రాసే జాక్ ఓకానర్ .270 చాలునని, తగలవలసిన చోట తగలడమే ముఖ్యమని జీవితమంతా రాశాడు. ఎల్మర్ కీత్ బరువైన పెద్ద గుండు లేనిదే ఎల్క్ దగ్గరికి పోవద్దనేవాడు. ఇద్దరూ అడవిలో జీవితం గడిపినవాళ్ళే. వాళ్ళ తగవులో ఎవరిది గెలుపో నేను చెప్పలేను గానీ, కీత్‌కు ఆ తన్ను తట్టుకునే ఒళ్ళు ఉండేది, నాకు లేదు. స్వీడన్, నార్వేల్లో తరతరాలుగా 6.5×55 అనే చిన్న తూటాతో మూస్‌ను కొడుతున్నారు. మూస్ ఎల్క్ కంటే పెద్దది. కానీ వాళ్ళు కుక్కలతో, అడవి లోపల, దగ్గర నుంచి కొడతారు. డబ్ల్యు.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో ఏనుగులను ఎక్కువగా 7×57 మౌజర్‌తో చంపాడు. ఎన్నిటిని చంపాడో వింటే ఈనాడు మనసు చివుక్కుమంటుంది. కానీ అతడు ఏనుగు పుర్రెను రంపంతో కోసి మెదడు ఎక్కడుందో చూసుకున్నాడు, దానికి దగ్గరగా నడిచి వెళ్ళాడు. అదే 7×57కు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు .275 రిగ్బీ. మనుషులను తినే చంపావత్ పులిని చంపినందుకు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జె.పి. హ్యూయెట్ జిమ్ కార్బెట్‌కు బహుమానంగా ఇచ్చింది ఆ రైఫిల్‌నే. చిన్నప్పుడు కార్బెట్ కథలు తెలుగులో చదివినప్పుడు అతని చేతిలో ఫిరంగి లాంటిది ఉంటుందని ఊహించుకున్నాను. అది భుజానికి ఇబ్బంది పెట్టని మామూలు తూటా.

పెద్దాయన నాకు ఇంకో లెక్క నేర్పాడు, ఇప్పటికీ దాన్నే పట్టుకున్నాను. గుట్ట ఎక్కి దిగి, ఊపిరి ఎగపోస్తుండగా కూర్చుని, ఎనిమిది అంగుళాల కాగితపు పళ్ళెం మీద ఒక్క తూటా. చల్లటి గొట్టంతో, ఆ రోజు మొదటిది. మళ్ళీ ఇంకో రోజు. అలా పది రోజుల్లో తొమ్మిది సార్లు తగిలే దూరమే నా దూరం. అప్పు తెచ్చుకున్న .308తో వేసవంతా ఇది చేశాం. 400 గజాల దగ్గర నాలుగు తగిలాయి. 300 దగ్గర ఏడు. 250కి వస్తే తొమ్మిది. ఈ లెక్కలు రాసుకున్న పుస్తకంలో 250 కింద గీత గీసినప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది. 600 కోసం డబ్బు పోసినవాణ్ణి. కానీ ఆ గీత గీశాక తూటా ఎంచుకోవడానికి ఒక సాయంత్రం పట్టలేదు. 250 గజాలు, ఎల్క్ పక్కటెముకలు, నా భుజం. ఈ మూడింటికీ సరిపోయేవి అరడజను ఉన్నాయి. నేను 7 ఎంఎం-08 తీసుకున్నాను. .308 గొట్టానికి మెడ సన్నం చేసి చేసింది, కార్బెట్ .275తో దాదాపు సరిసమానం. 140 గ్రెయిన్ల గుండు సెకనుకు 2800 అడుగులతో పోతుంది. సీసం, రాగి తొడుగు విడిపోకుండా అతికించి చేసిన రకం. 300 దాకా వాడుక లెక్క ప్రకారం 1500 ఫుట్-పౌండ్లూ మిగులుతాయి. తన్ను .300లో సగం. మొదటి ఆరు నెలల్లో దాంతో నాలుగు వందల తూటాలు పేల్చాను. పెద్దాయన ఉత్తి తూటా దొంగచాటుగా వేయడం మానలేదు. ఆగస్టు నాటికి టక్కుమన్నప్పుడు గొట్టం కదలడం ఆగింది.

.300 రైఫిల్ అమ్మలేదు. ఇనుప బీరువాలో వెనక నిలబడి ఉంది. మంచి భుజం, నిదానమైన చెయ్యి, గాలిని చదవగల కన్ను ఉన్నవాళ్ళ చేతిలో అది చేయగలిగింది నేను చూశాను. అలాంటివాళ్ళు నూటికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళకు తూటా ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. నా దగ్గరికి వచ్చి, దూరంగా కొట్టడానికి ఏది కొనాలని అడిగే మనవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. డెన్వర్ చుట్టుపక్కల వేటకు వెళ్ళే తెలుగువాళ్ళు కొద్దిమందే అయినా ఏటా కొత్తవాళ్ళు కలుస్తున్నారు. కొత్తగా వచ్చిన 6.5 పీఆర్‌సీ, 7 పీఆర్‌సీ పేర్లు వాళ్ళ నాలుక మీదే ఉంటాయి. నేను వాళ్ళను ముందు కాగితపు పళ్ళెం దగ్గరికి రమ్మంటాను. కొందరు రారు.

2020లో మళ్ళీ అదే కొండకు వెళ్ళాం. అదే లోయ కాదు, అక్కడికి వెళ్ళడానికి నాకు ఇంకా మనసు రాలేదు. మూడో రోజు ఉదయం ఒక ఆడ ఎల్క్‌ను 310 గజాల దగ్గర చూశాం. గాలి మా ముఖం మీదికి ఉంది. మంచులో బోర్లాపడి ఒక వాగు ఒడ్డు చాటున పాకాం. అర గంట. మధ్యలో అది తలెత్తి మా వైపు చూసింది. చెవులు తిప్పింది. ముక్కు పైకెత్తి వాసన పట్టింది. ఆ నిమిషం సేపు మేము మంచులో ముఖాలు పెట్టుకుని ఉన్నాం, అది ఏ క్షణంలోనైనా పోవచ్చు, పోతే పోయినట్టే. నాన్న అన్న మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. దానికి మేమున్నట్టు తెలిసే వీలు ఇప్పుడుంది. మళ్ళీ మేతకు తల దించాక ఇంకో నలభై గజాలు పాకాను.

కూర్చుని, కర్రల మీద గొట్టం ఆనించి, భుజం వెనకాల మడతకు గురిపెట్టాను. ఈసారి స్కోపు ఎగరలేదు. గుండు తగలడం, అది ముందుకాళ్ళ మీద కుంగడం, పదిహేను అడుగులు వేసి పక్కకు ఒరగడం అన్నీ స్కోపులోనే కనిపించాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

కోస్తుంటే అవతలి వైపు తోలు కింద గుండు దొరికింది. విచ్చుకున్న చిన్న పువ్వులా ఉంది. ఇంటికి తెచ్చి తూచాను, 140 గ్రెయిన్లలో 97 మిగిలింది. రెండు పక్కటెముకలు, రెండు ఊపిరితిత్తులు దాటి వచ్చింది. మాంసం దింపడానికి మాకు రెండు రోజులు పట్టింది. సగం పెద్దాయన ఫ్రీజర్‌కు పోయింది. మా వాటాలో కొంత ఆ వారం గోంగూరలో ఉడికింది.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. ఆయన ముందు, పడిందా, మాంసం చెడలేదు కదా అని అడిగాడు. తర్వాత అడిగాడు.

"ఎంత దూరం నుంచి?"

"140 గజాలు నాన్నా."

ఆయన కాసేపు ఆలోచించాడు. మంచెకూ కందిచేను గట్టుకూ మధ్య దూరం మనసులో కొలుచుకుంటున్నాడని నాకు తెలుసు.

"ఇంకా దూరమేరా" అన్నాడు.